రసీదు లాకర్లో, సరుకు లారీలో: ఒక పసుపు తాకట్టు కేసు

బ్యాంకు దగ్గర సరుకు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడం హైదరాబాద్‌లోని బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ వ్యాపారులకు కొత్తేమీ కాదు. వందల బస్తాలను బ్రాంచికి మోసుకెళ్లలేరు కాబట్టి వాటి తాలూకు కాగితం ఇస్తారు. బ్యాంకు ఆ కాగితాన్ని లాకర్లో పెట్టుకుని డబ్బు ఇస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే సరుకు చేతిలో ఉన్నట్టేనా? ఈ కేసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాక నేను స్టాక్ ఆడిట్లు చేస్తున్నాను. ఇది అలా నా దగ్గరికి వచ్చిన కేసు. ఎవరివో తెలియకుండా ఉండేందుకు చోట్లు, అంకెలు కొంత మార్చాను. లెక్కల పొందిక మాత్రం చెదరనివ్వలేదు.

నేపథ్యం

అన్నదమ్ములిద్దరి భాగస్వామ్య సంస్థ. ఉస్మాన్‌గంజ్‌లో తండ్రి నాటి కొట్టు. పసుపు, మిర్చి ప్రధాన వ్యాపారం. అన్న కొట్టులో కూర్చుని లెక్కలు, బ్యాంకు, జీఎస్టీ చూస్తాడు. కొనడం, అమ్మడం, లారీలు మాట్లాడటం తమ్ముడి పని. ఈ పని పంపకాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నిజామాబాద్ యార్డుకు కొత్త పసుపు పోటెత్తుతుంది. అప్పుడు కొని, గోదాములో ఆపి, రేటు నచ్చినప్పుడు అమ్మడం వాళ్ల పద్ధతి. ఇంటి మీద తీసుకున్న క్యాష్ క్రెడిట్ లిమిట్ (కావలసినప్పుడు వాడుకుని తిరిగి కట్టే బ్యాంకు అప్పు) ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది. ఆ ఏడాది సరుకు బాగా దొరికింది, డబ్బు చాలలేదు. బ్రాంచి మేనేజరే దారి చెప్పాడు: కొన్న పసుపును గోదాములో పెట్టి రసీదు తెస్తే దాని మీద విడిగా అప్పు ఇస్తామన్నాడు.

మేడ్చల్ దారిలో ఒక ప్రైవేటు గోదాములో 1,200 బస్తాలు దించారు. బస్తాకు సగటున 65 కిలోల లెక్కన 780 క్వింటాళ్లు. క్వింటా 12,000 రూపాయలు అనుకుంటే విలువ సుమారు 93 లక్షలు. అందులో 35 శాతం మార్జిన్ (విలువ తగ్గినా అప్పు మునగకుండా వదిలేసే భాగం) తీసేసి, బ్యాంకు ఆరు నెలల గడువుతో 60 లక్షలు ఇచ్చింది. గోదాము యజమాని లెటర్‌హెడ్ మీద ఇచ్చిన రసీదు వెనుక అన్న సంతకం చేసి ఇచ్చాడు. ఫైలు చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

గోదాములో కనిపించింది

జులైలో తనిఖీకి వెళ్లాను. వానలు పడుతున్నాయి. షెడ్డులో మరో ముగ్గురి సరుకు కూడా ఉంది, ఎక్కువగా మొక్కజొన్న. పసుపు నెట్టు ముందు నుంచి చూస్తే నిండుగానే ఉంది. పక్కనుంచి సందులోకి దూరి వెనక్కి వెళ్తే సగం దాకా నేల కనిపించింది. వరుసలు లెక్కపెట్టించాను. 740 బస్తాలు తేలాయి.

నాణ్యత కూడా చూడాలి కాబట్టి అక్కడక్కడా బస్తాల కుట్టు విప్పించాను. బాగా ఎండిన పసుపు కొమ్మును విరిస్తే లోహం తగిలినట్టు టక్కున చప్పుడు వస్తుంది. ముందు వరుసల్లో అలాగే విరిగింది. గోడవైపు బస్తాల్లో కొమ్ము ముందు కొంచెం వంగి, ఆ తర్వాత మెత్తగా విరిగింది. కొన్నింట్లో సన్నటి రంధ్రాలు, అరచేతికి అంటిన పొడి. అంటే తక్కువైంది బస్తాలు మాత్రమే కాదు, మిగిలినవాటిలోనూ కొన్ని రసీదులో రాసిన నాణ్యతలో లేవు.

గోదాము మేనేజరును అడిగితే ఏ మాత్రం తడబడకుండా చెప్పాడు: "సేటు చిట్టీ వస్తే సరుకు ఇస్తం సార్. రసీదు ఎన్నడూ అడగం. మొదటి సంది గిట్లనే." చిట్టీల కట్ట తెచ్చి చూపించాడు. అన్నిటి మీదా తమ్ముడి సంతకమే.

తమ్ముడూ దాచలేదు. "కొనేటోళ్లు వచ్చిండ్రు సార్, రేటు మంచిగుండె. పైసలు రాంగనే అన్నకు చెప్పి బ్యాంకుల కడదమనుకున్న. గింత లొల్లి అయితదని తెల్వదు." అన్న అతని వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు నిజంగానే తెలియదని నేను నమ్మాను. నా నమ్మకానికి ఆధారం ఆయన ముఖం కాదు. ఆ అమ్మకాలకు ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు ఉన్నాయి, జీఎస్టీ రిటర్నులో చూపించారు. దొంగతనంగా అమ్మేవాడు ఇన్ని అడుగుజాడలు వదలడు.

అసలు తాకట్టు పడిందా?

బ్రాంచి మేనేజరు మొదటి మాట: "మా తాకట్టు సరుకు అమ్మేశారు, పోలీసు కంప్లైంట్ ఇద్దాం, మిగిలింది వేలం వేద్దాం." దానికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉందన్నాను. అసలు అది బ్యాంకుకు తాకట్టు పడిందా?

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 172 ప్రకారం తాకట్టుకు సరుకు అప్పగింత జరగాలి. అదే హైపాథికేషన్‌లో సరుకు అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది, తాకట్టులో ఉండకూడదు. అప్పగింత అంటే చేత్తో ఎత్తి ఇవ్వాలని లేదు. బ్యాంకు తరఫున పెట్టుకునేవాడి స్వాధీనంలోకి సరుకు వచ్చేలా ఏం చేసినా చాలని సెక్షన్ 149 అంటుంది. సరుకు మీద హక్కును చూపే పత్రం ఇవ్వడం అలాంటి ఒక పద్ధతి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 2(4) అలాంటి పత్రాల పేర్లు చెబుతుంది: ఓడ సరుకుకు బిల్ ఆఫ్ లేడింగ్, రైల్వే రసీదు, గోదాము నిర్వాహకుడి సర్టిఫికెట్ వగైరా.

గోదాము రసీదు ఆ జాబితాలో ఉంది కదా అని మేనేజరు పట్టుబట్టాడు. పేరు ఒకటైనంత మాత్రాన సరిపోదు. ఆ పత్రం చేతులు మారితే సరుకు తీసుకునే అధికారం కూడా చేతులు మారాలి. వ్యాపారంలో దాన్ని అలా వాడుతూ ఉండాలి. మన రసీదు కింద చిన్న అక్షరాల్లో ‘నాట్ ట్రాన్స్‌ఫరబుల్’ అని అచ్చేసి ఉంది. పైగా సరుకు బయటికి పంపడానికి గోదాము వాళ్లకు ఆ రసీదుతో పనే లేదు. అది ఉన్నా లేకపోయినా చిట్టీకే గేటు తెరుచుకుంటుంది.

ఇక్కడ మేనేజరు, బ్యాంకు లాయరు 1965 నాటి మోర్వీ మర్కంటైల్ బ్యాంకు తీర్పును ముందుకు తెచ్చారు. బ్యాంకు ట్రైనింగులో అందరికీ చెప్పే కేసే అది. రైల్వే రసీదులు ఎండార్స్ చేయించుకుని, అంటే సంతకంతో తన పేరుకు బదలాయించుకుని, బ్యాంకు 20,000 రూపాయలు అప్పిచ్చింది. చివరికి రైల్వే ఇవ్వజూపిన సరుకు మొదట పంపినది కాదని తేలింది. రైల్వే రసీదు ఇస్తే సరుకును తాకట్టు పెట్టినట్టేనని, తాకట్టు పట్టినవాడిగా బ్యాంకు సరుకు పూర్తి విలువ 35,500 రూపాయలూ రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. గొప్ప తీర్పే. కానీ రైల్వే రసీదుకు చట్టంలో, బజారులో ఒక స్థానం ఉంది. దాన్ని ఎండార్స్ చేసి ఇస్తే సరుకు ఇచ్చినట్టేనని అందరూ ఎరుగుదురు. మన కాగితానికి ఆ స్థానం లేదు.

అలాంటి పత్రం లేనప్పుడు మిగిలే దారి ఒకటే. సరుకు మూడో మనిషి దగ్గర ఉంటే, "ఇకనుంచి ఇది మీ తరఫున నా దగ్గర ఉంది" అని ఆ మూడో మనిషి కొత్త హక్కుదారుకు ఒప్పుకోవాలి. అమ్మకాల విషయంలో ఈ మాటే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 36(3)లో రాసి ఉంది. ఏప్రిల్‌లో బ్యాంకు గోదాముకు కనీసం ఒక ఉత్తరం కూడా రాయలేదు. కాబట్టి ఫైల్లో తాకట్టు ఉందిగానీ మేడ్చల్ దారిలో లేదని నా అభిప్రాయం రాసిచ్చాను. లాయరు రెండు రోజులు వాదించి, చివరికి ‘రిస్కుతో కూడిన కేసు’ అని ఒప్పుకున్నాడు.

వేలం మాట కూడా తేలిపోయింది. బాకీ ఎగ్గొడితే తగిన నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే సరుకు అమ్మే హక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 176 ఇస్తుంది. దానికి ముందు తాకట్టు నిలవాలి, గడువు తప్పాలి. ఇక్కడ గడువు అక్టోబరు దాకా ఉంది. మార్జిన్ తగ్గింది కాబట్టి మొత్తం వెంటనే కట్టమనే క్లాజు మంజూరు పత్రంలో ఉంది, దాన్ని వాడొచ్చు. కానీ వాడిన మరుసటి రోజే ఉస్మాన్‌గంజ్ అంతా తెలిసిపోతుంది. బ్యాంకు అమ్ముకోక తప్పని పసుపుకు వానాకాలంలో ఎవరు మంచి రేటు పెడతారు? కోర్టుకు వెళ్లకుండా హామీ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం ఊతమూ లేదు. సెక్షన్ 31 చరాస్తుల తాకట్టును ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది.

పనికిరాని ప్రయత్నాలు

ఈ చర్చ నడుస్తుండగానే బ్రాంచి వాళ్లు షెడ్డుకు తమ తాళం వేసి, బోర్డు తగిలించి వచ్చారు. మొక్కజొన్న వాళ్ల లారీలు బయట ఆగిపోయాయి. ఒకాయన లాయరు నోటీసు పంపుతానన్నాడు. అన్నిటికన్నా పెద్ద నష్టం, పురుగు మందు పొగ పెట్టే మనిషి లోపలికి వెళ్లలేకపోయాడు. అసలే పురుగు పట్టడం మొదలైన సరుకు. తాకట్టు పట్టిన సరుకును మామూలు జాగ్రత్తతో చూసుకోవాల్సిన బాధ్యత పట్టినవాడి మీదే ఉంటుంది. తాళం వేసి పాడుచేస్తే ఆ నష్టం తిరిగి బ్యాంకు మెడకే చుట్టుకుంటుంది. తాళం తీయించాను.

తర్వాత గోదాము యజమానికి నోటీసు ఇచ్చారు, 460 బస్తాల విలువ కట్టమని. ఆయన జవాబు ఒక్క పేరా. సరుకు పెట్టినవారు అడిగారు, ఇచ్చాం, మీరెవరో మాకు చెప్పలేదు. దానికి తోడు అద్దె బాకీ ఉందని, కట్టేదాకా మిగిలిన బస్తాలు కదపనివ్వనని కలిపాడు.

అద్దె కోసం సరుకు ఆపే హక్కు ఆయనకు లేదని లాయరు చెప్పింది చట్టం ప్రకారం గట్టి వాదనే. ఏ బాకీకైనా సరుకు ఆపుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 171లో బ్యాంకర్లకు, ఫ్యాక్టర్లకు (సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు), వార్ఫింజర్లకు (రేవు నిర్వాహకులు), హైకోర్టు అటార్నీలకు, పాలసీ బ్రోకర్లకే ఉంది, గోదాముల పేరు లేదు. సెక్షన్ 170 వర్తించాలంటే ఆ సరుకు మీద శ్రమో పనితనమో పెట్టి ఉండాలి. ఊరికే చోటు ఇస్తే చాలదు. రిజిస్టర్డ్ గోదాములకు 2007 నాటి గోదాముల చట్టం అలాంటి హక్కు ఇస్తుంది, ఈయనది రిజిస్టర్డ్ కాదు. ఇంత ఉన్నా, కోర్టులో గెలిచేలోగా పసుపు పిండి అవుతుంది. అద్దె బాకీ సరుకు విలువ ముందు చాలా చిన్నది. అన్నతో కట్టించేశాం. లాయరుకు నచ్చలేదు.

పోలీసు కంప్లైంట్‌ను మేనేజరు నెలాఖరు దాకా వదల్లేదు. పైఆఫీసు నుంచి వచ్చే టెన్షన్ ఆయనది, అర్థం చేసుకోగలను. నేను చెప్పింది ఒక్కటే: కేసు పెడితే తమ్ముడు మాట్లాడటం మానేస్తాడు. డబ్బు ఎవరి దగ్గర ఉందో తెలిసింది అతనికే.

పని చేసింది

మొదట గోదాము యజమాని చేత ఒక ఉత్తరం రాయించాం. "ఈ 740 బస్తాలు బ్యాంకు తరఫున నా స్వాధీనంలో ఉన్నాయి. బ్యాంకు రాతపూర్వకంగా చెప్పనిదే కదపను." కింద అన్నదమ్ములిద్దరి సంతకాలు. అద్దె చేతికందాక ఆయన అభ్యంతరం చెప్పలేదు. నా లెక్కలో ఈ అప్పుకు తాకట్టు పుట్టింది ఆ రోజే.

రెండోది, పోయిన సరుకు వెంట పడటం. ఈ-వే బిల్లులు ఇక్కడ అక్కరకొచ్చాయి. సరుకు ఏ చిరునామా నుంచి బయల్దేరిందో వాటిలో ఉంటుంది కాబట్టి, మేడ్చల్ గోదాము నుంచి కదిలినవి వేరు చేయడం సులువైంది. 460 బస్తాలూ రెండు మసాలా పొడి మిల్లులకు వెళ్లాయి. మొత్తం 37 లక్షలు. అందులో 14 లక్షలు వచ్చాయి, వాటితో తమ్ముడు మిర్చి కొన్నాడు. 23 లక్షలు ఇంకా రావాలి.

ఆ మిల్లుల నుంచి సరుకు వెనక్కి లాగుదామని లాయరు అన్నాడు. వాళ్లు మంచి నమ్మకంతో కొన్నవాళ్లు, బ్యాంకు సంగతి తెలియదు, పసుపు ఇప్పటికే పొడైంది. దాని బదులు రావాల్సిన బాకీనే బ్యాంకుకు బదలాయించమన్నాను. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 130 ప్రకారం రాతపూర్వక బదలాయింపు పత్రం, మిల్లులకు నోటీసు. ఒక మిల్లు యజమాని మొండికేశాడు, మధ్యలో బ్యాంకు ఎందుకొచ్చిందని. ఆయన భయం వేరు: బ్యాంకుకు కడితే రేపు తమ్ముడు వచ్చి మళ్లీ అడుగుతాడేమోనని. నోటీసు అందాక బ్యాంకుకు కడితేనే బాకీ తీరుతుంది, తమ్ముడికి కడితే తీరదు అని తమ్ముడి ఎదుటే చెప్పాం, అతనూ తలూపాడు. ఆ తర్వాత రెండు విడతల్లో వచ్చేసింది.

మూడోది, మిగిలిన బస్తాలను గోదాముల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్‌ఏ దగ్గర రిజిస్టరైన గోదాముకు మార్చడం. 2007 చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. 2017 నుంచి రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో, ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ పేరుతో వస్తోంది. షేర్లకు డీమ్యాట్ ఎలాగో దీనికి రిపాజిటరీ అలాగ. ఎన్‌ఈఆర్‌ఎల్, సీసీఆర్‌ఎల్ అని రెండున్నాయి. సరుకు పెట్టినవాడు తన ఖాతా నుంచి తాకట్టు అభ్యర్థన పెడితే, బ్యాంకు ఒప్పుకున్న క్షణం నుంచి ఆ రసీదు మీద సరుకు తీయడం కుదరదు. బ్యాంకు విడుదల చేస్తేనే గేటు తెరుచుకుంటుంది. అదే సరుకు మీద ఇంకోచోట అప్పు తెద్దామన్నా రసీదు మీద తాకట్టు గుర్తు కనిపిస్తుంది.

ఖాతా తెరవడానికి భాగస్వామ్య పత్రం, కేవైసీ అంటూ కొన్నాళ్లు పట్టింది. ఖాతా అధికారం అన్న ఒక్కడికే ఇచ్చాం. ఆ మాట వచ్చినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడే, "అన్నకే ఉండనీయుండ్రి సార్, నాకు గీ పాస్‌వర్డ్‌ల లొల్లి వద్దు" అన్నాడు. లారీల వెంట బ్యాంకు మనిషిని పంపాం. అమ్మకం కాకపోయినా 50,000 రూపాయలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు కావాలి, అది చలాన్ మీద తీశారు. దారికి ఇన్సూరెన్స్ విడిగా చేయించాం. పాత గోదాము పాలసీలో బ్యాంకు పేరే లేదు, అగ్గి పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా అనవసరం.

కొత్త గోదాము వాళ్లు తేమ, పురుగు పరీక్షలు చేసి 130 బస్తాలు పక్కన పెట్టారు. అన్న బేరమాడబోయాడుగానీ నేను వద్దన్నాను. గ్రేడు రాసినవాడు మెతకగా రాస్తే రేపు అమ్మేటప్పుడు ఆ లోటు మళ్లీ మన దగ్గరికే వస్తుంది. ఆ 130 బస్తాలు క్వింటా 9,500 చొప్పున వెంటనే అమ్మేశారు, 8 లక్షలు వచ్చాయి. మిగిలిన 610 బస్తాలకు ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ తయారైంది. విలువ సుమారు 47.5 లక్షలు.

వడ్డీతో కలిపి బాకీ 62 లక్షలు. మిల్లుల నుంచి 23, పక్కన పెట్టిన బస్తాల నుంచి 8 పోగా 31 లక్షలు మిగిలింది. పాత 35 శాతం మార్జిన్‌తో చూస్తే 610 బస్తాల మీద ఇవ్వదగ్గది దాదాపు అంతే. మిర్చిగా మారిన 14 లక్షల లోటును మొదట ఉంచిన మార్జినే మింగింది. మార్జిన్ 25 శాతమే పెట్టి ఉంటే ఈ కథ ఇంత సాఫీగా తేలేది కాదు.

సెప్టెంబరు నుంచి కొద్దికొద్దిగా అమ్మారు. కొనేవాడి డబ్బు ముందు రుణ ఖాతాలో పడితే దానికి తగ్గ బస్తాలను బ్యాంకు రసీదు నుంచి విడదీసి వదిలింది. గడువులోపే ఖాతా మూసేశారు.

ఇప్పుడు నేను అడిగేవి

తనిఖీకి వెళ్తే బ్యాంకు ఫైలుకన్నా ముందు గోదాము గేటు పుస్తకం అడుగుతున్నాను. చివరిసారి బయటికెళ్లిన సరుకు ఎవరి కాగితం మీద వెళ్లింది? అది తెలిస్తే ఆ సరుకు మీద ఎవరికి పట్టుందో తెలిసిపోతుంది. సంస్థలో బ్యాంకు పత్రాల మీద సంతకం పెట్టేవాడు, లారీలకు చిట్టీ రాసేవాడు వేరువేరైతే రెండో మనిషిని కూడా కూర్చోబెట్టి, చదివి వినిపించి సంతకం తీసుకోమంటున్నాను. వీళ్ల విషయంలో తమ్ముడికి తాకట్టు అనే మాట ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ ఫైలులో అతని సంతకం ఒక్కచోట కూడా లేదు.

ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం అనను. అది సరుకు ఎవరి అధీనంలో ఉందో చెబుతుంది, రేటు పడకుండా ఆపదు. నిల్వ గడువు దాటకుండా చూసుకోవాలి. రవాణా, పరీక్ష, అద్దె కలుపుకుంటే చిన్న లాట్లకు గిట్టుబాటు కాదు. అలాంటివాళ్లకు ఉన్న క్యాష్ క్రెడిట్‌నే కొంచెం పెంచడం నయం.

అదే బ్రాంచిలో ఇలాంటి రసీదుల మీద ఇచ్చిన అప్పులు మరో మూడు బయటపడ్డాయి. మూడు గోదాములకూ ఒప్పుకోలు ఉత్తరాలు పంపారు. రెండు సంతకం చేసి పంపాయి. మూడో ఆయన, "ఈ గొడవలన్నీ నాకెందుకండీ, సరుకు పెట్టినవాళ్లూ మీరూ చూసుకోండి" అని వెనక్కి పంపేశాడు. ఆ అప్పును తాకట్టు ఖాతా నుంచి తీసేసి, హైపాథికేషన్ కింద మార్చి, ఇంటి కాగితాలు అదనపు హామీగా తీసుకున్నారు.